సుషి రెస్టారెంటుకు అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నల పెళ్లిరోజుకు వారిని జూబ్లీహిల్స్‌లోని ఒక జపనీస్ రెస్టారెంటుకు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. నాన్నగారు గోదావరి ఒడ్డున పెరిగినవారు, మొప్ప ఎత్తి చూసి చేప తాజాదనం చెప్పగలరు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న హైదరాబాదులో పచ్చి చేప తినడం క్షేమమేనా అన్నది ఆయన సందేహం. ఆయనకు మధుమేహం కూడా ఉంది. అమ్మ కొన్నేళ్ల క్రితమే మాంసాహారం మానేశారు, గుడ్డు కూడా ముట్టరు. ఆవిడ నిశ్చింతగా తినగలిగినవి అక్కడ ఏమైనా ఉంటాయా?

మొదటి సమాధానం:
మీ నాన్నగారు అడిగినది సరైన ప్రశ్నే. అయితే సుషికి (వెనిగర్ కలిపిన అన్నంతో, ఎక్కువగా పచ్చి చేపతో చేసే జపనీస్ వంటకం) వాడే చేపకు రేవు దగ్గరగా ఉండడం కంటే చల్లదనం తెగకుండా నిల్వ ఉండడం ముఖ్యం. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పరాన్నజీవి ఉండవచ్చు. పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు ఉంచాలని, లేదా మైనస్ 35 డిగ్రీల వద్ద గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ నిర్దేశిస్తుంది. సాధారణంగా ఇంటి ఫ్రీజరు అంత త్వరగా, అంత నిలకడగా చల్లబరచదు కనుక బజారులో కొన్న చేపతో ఇంట్లో ఈ ప్రయత్నం చేయవద్దు. కొరమీను, బొచ్చె వంటి మంచినీటి చేపలను ఎంత తాజాగా ఉన్నా పచ్చిగా తినకూడదు. గడ్డకట్టించినంత మాత్రాన బ్యాక్టీరియా అంతా చావదు. అందువల్ల రద్దీగా ఉండే, సరుకు త్వరగా ఖర్చయ్యే చోటును ఎంచుకోండి, ఏ చేప ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ పూట ఉడికించిన రొయ్య సుషి, కాల్చిన ఈల్ (పాములా పొడవుగా ఉండే చేప) సుషి తెప్పించుకోవడం మంచిది.

రెండవ సమాధానం:
నేను అమ్మగారి గురించే రాస్తాను, ఎందుకంటే అసలు జాగ్రత్త అవసరమైనది అక్కడే. జపనీస్ వంటకు ప్రాణం దాషి అనే రసం. ఎక్కువ చోట్ల దానిని కొంబు అనే సముద్రపు నాచుతోను, బొనిటో చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి తీసిన రేకులతోను కాస్తారు. కనుక కూరగాయలు, టోఫూ (సోయా పనీర్) మాత్రమే కనిపిస్తున్న మీసో సూపులో (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది) కూడా చేప ఉండవచ్చు. టెంపురాతో (పిండిలో ముంచి వేయించే, బజ్జీ లాంటి వంటకం) ఇచ్చే పులుసు, వేయించిన టోఫూను రసంలో వడ్డించే అగెదాషి టోఫూ, వేయించిన టోఫూ సంచిలో అన్నం కూరిన ఇనారి, వీటన్నింటిలోనూ దాషి పడుతుంది. టెంపురా పిండిలో గుడ్డు కలిపే అలవాటు ఉంది, రొయ్యలు వేయించిన నూనెలోనే వంకాయ ముక్కలూ వేయించవచ్చు. జపనీస్ మయొనైజ్‌లో కూడా సాధారణంగా గుడ్డు సొన ఉంటుంది. మెనూలో ఆకుపచ్చ చుక్క చూసి ఊరుకోకుండా, టేబుల్ బుక్ చేసేటప్పుడే ఫోనులో "చేప రసం, బొనిటో రేకులు, గుడ్డు లేకుండా ఏవి చేయగలరు?" అని అడగండి. దోసకాయ ముక్కను అన్నంలో పెట్టి నాచు రేకుతో చుట్టే కప్పా మాకి, అవకాడో మాకి, ఉప్పు చల్లిన ఉడికిన ఎడమామె (పచ్చి సోయా కాయలు) సాధారణంగా ఇబ్బంది లేనివి. కొంబుతోనో షిటాకే పుట్టగొడుగులతోనో మాత్రమే దాషి కాచే పద్ధతి జపాన్ బౌద్ధ ఆలయాల వంటలో ఎప్పటి నుంచో ఉంది. ముందుగా చెబితే కొన్ని వంటశాలలు అలా చేసి పెడతాయి.

ప్రశ్న అడిగినవారు:
దాషి సంగతి నాకు అసలు తెలియదు, చాలా కృతజ్ఞతలు. నాన్నగారి మధుమేహం విషయంలో ఏం చూసుకోవాలి?

మూడవ సమాధానం:
సుషి అన్నంలో బియ్యపు వెనిగర్‌తో పాటు పంచదార, ఉప్పు కలుపుతారు, కనుక నోటికి తేలికగా అనిపించినా అది తీపి కలిసిన తెల్లన్నమే. నాన్నగారికి అన్నం లేని సాషిమి (పచ్చి చేప ముక్కలు) ప్రధానంగా తెప్పించి, నిగిరి (అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిన సుషి) రెండు మూడు రుచి చూపించండి. ఈల్ మీద పూసే సాస్ తియ్యగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. సోయా సాస్‌లో ఉప్పు చాలా ఎక్కువ. రక్తపోటు కూడా ఉంటే నిగిరిని చేప వైపు నుంచి కొద్దిగా అద్దుకుంటే చాలు, అన్నం వైపు ముంచితే అది సాస్‌ను పీల్చుకుని విడిపోతుంది. నిగిరిని చేత్తో తినడం జపాన్‌లోనూ మర్యాదే కనుక, చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాదని వారు మొహమాటపడనక్కరలేదు.