ఎస్23 అల్ట్రా నుంచి ఎస్24 అల్ట్రాకి: కెమెరా కోసమే అయితే మారొచ్చా?

పాలకొల్లు_ప్రసాద్
నా దగ్గర శాంసంగ్ ఎస్23 అల్ట్రా ఉంది. ఎక్స్ఛేంజ్‌లో ఎస్24 అల్ట్రా తీసుకుందామా వద్దా అని ఊగిసలాడుతున్నా. ఏఐ గోల, టైటానియం, ఫ్లాట్ స్క్రీను నాకేవీ అక్కర్లేదు. కెమెరా ఒక్కటే. నాలుగు ముక్కలు చెప్పండి: రాత్రి ఫోటోలు, జూమ్, పిల్లలు పరిగెడుతుంటే తీసేవి, సెల్ఫీలో మొహం రంగు. శ్రావణంలో బావమరిది పెళ్ళి, ఆలోపు తేల్చుకోవాలి. రెండూ చేత్తో పట్టుకున్నవాళ్ళే చెప్పండి. యూట్యూబ్ చూసి చెప్పేవాళ్ళకో దండం.

సిద్దిపేట_శీను
యూట్యూబ్ జూసే చెప్తున్న అన్నా, ఏమనుకోకు. మెయిన్ కెమెరా రెండిట్ల 200 మెగాపిక్సెలే. వెడల్పుగ తీసే అల్ట్రావైడ్ 12, మూడింతలు దగ్గరికి గుంజే 3ఎక్స్ లెన్సు 10, సెల్ఫీ 12. అన్నీ గవే. మారింది ఒక్క పెద్ద జూమ్ లెన్సు. గా ఒక్క లెన్సు కోసం, 2024ల వచ్చినప్పుడు లక్షా ముప్పై వేలున్న ఫోనా? గా పైసలకు మంచి ముర్రా బర్రె వస్తది. పాలన్నా ఇస్తది.

కొల్లేటి_కొంగ
ఆ ఒక్క లెన్సే కదండీ అసలు కథ. పాతదాంట్లో 3ఎక్స్ కాకుండా విడిగా 10ఎక్స్ లెన్సు ఉండేది, పెద్ద కెమెరాకి పెట్టే 230 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. కొత్తదాంట్లో దాన్ని పీకేసి 5ఎక్స్ పెట్టారు, 111 మిల్లీమీటర్లు. సగానికి సగం. పైగా 10 మెగాపిక్సెళ్ళు 50 అయ్యాయని డప్పు.

మాది కైకలూరు పక్కన. ఆటపాకలో ఇనప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కడతాయి. గట్టు మీద నిలబడి 10ఎక్స్‌లో తీస్తే ముక్కు కింద సంచి మడతలు, దాని మీద నీటి బొట్టు, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. మా తమ్ముడి కొత్త ఫోనుతో అదే గట్టు మీంచి అదే గూడు తీశాను. బాగానే ఉంది, కానీ మెడ మీది సన్న ఈకలు ఒకదానికొకటి అతుక్కున్నట్టున్నాయి. పిట్టలు తీసేవాళ్ళు పాతది అమ్ముకోవద్దు. నా మాట వినండి.

డల్లాస్_దత్తు
కొంగ గారూ, ఆ "సగానికి సగం" లెక్క తప్పండీ. మీరు చెప్పింది పెద్ద కెమెరా లెక్క. ఫోటో ఫైల్లో దాగుండే వివరాల్లో ఈ బుల్లి లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్, ఎఫ్ నంబరు ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే లెన్సు కన్నం ఎంత వెడల్పో వస్తుంది. పాత 10ఎక్స్ 27.2 మిల్లీమీటర్లు, ఎఫ్ 4.9. భాగిస్తే 5.55. కొత్త 5ఎక్స్ 18.6 మిల్లీమీటర్లు, ఎఫ్ 3.4. భాగిస్తే 5.47. వెలుతురు లోపలికొచ్చే కన్నం దాదాపు ఒకటే సైజు. అంటే ఒకే పిట్టను ఒకే సైజులో ఫ్రేమ్ చేస్తే రెండు ఫోన్లకీ అందే వెలుతురు ఒకటే. 50 మెగాపిక్సెళ్ళలో నడిమి పావు వంతు కోస్తే 12.5 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి, పాతదాని 10 కన్నా ఎక్కువే. ఇందులో మోసం ఎక్కడుంది?

కొల్లేటి_కొంగ
మోసం అని నేనన్నానా? మీరు కాగితం మీద పిట్టను పట్టుకుంటున్నారు. పాత 10ఎక్స్ సెన్సర్లో, అంటే వెలుతురు పట్టే చిప్పులో, ఒక్కో పిక్సెల్ 1.12 మైక్రాన్లు, కొత్తదాంట్లో 0.7. పైగా కొత్తదాంట్లో పక్కపక్కనుండే నాలుగు పిక్సెళ్ళకి ఒకటే రంగు ఫిల్టర్. నాలుగూ కలిపి వాడుకుంటే భేషు. మీరు చెప్పే 12.5 కావాలంటే వాటిని విడగొట్టి, మధ్యలో రంగులు సాఫ్ట్‌వేర్ ఊహించి నింపాలి. ఆ ఊహ ఎక్కడ దొరికిపోతుందో తెలుసా? ఈక అంచు దగ్గర. ఇక 20ఎక్స్, 30ఎక్స్‌కి వెళ్తే చెప్పక్కర్లేదు, పాతది పది నుంచి మొదలెడుతుంది, మీది అయిదు నుంచి ఆయాసపడుతూ రావాలి.

డల్లాస్_దత్తు
మరి 5 నుంచి 9 దాకా సంగతేంటి మాస్టారూ? పాతదాంట్లో 3కీ 10కీ మధ్య ఏ లెన్సూ లేదు. 3ఎక్స్ లెన్సు బొమ్మని 9కి సాగదీస్తే 10 మెగాపిక్సెళ్ళలో మిగిలేది ఒకటీ చిల్లర. దాని గురించి మాట్లాడరేం? మా పాప స్కూల్ ఫంక్షన్లో నేను కూర్చునేది ఎప్పుడూ 6ఎక్స్ దూరంలోనే. మనుషుల్ని తీసేవాళ్ళకి కొత్తదే.

కొల్లేటి_కొంగ
మనుషుల్ని తీసుకోండి, ఎవరొద్దన్నారు.

స్టూడియో_రాజు_తణుకు
ఇద్దరూ కాసేపు ఆగండి. మాది మా నాన్న కాలం నుంచి స్టూడియో. ఫిల్మ్ రోలు చీకటిగదిలో కడిగిన చెయ్యి ఇది. ఫోను లెన్సుల గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మొదటిది, 200 అని డబ్బా మీద వేస్తారు గానీ మామూలుగా బటన్ నొక్కితే వచ్చేది 12 మెగాపిక్సెళ్ళ ఫోటోయే. పదహారు పిక్సెళ్ళని కలిపి ఒకటి చేస్తుంది. రెండు ఫోన్లలోనూ అంతే, కాబట్టి రాత్రి మెయిన్ కెమెరా కోసం మారడం దండగ.

రెండోది, పెళ్ళి అన్నారు కాబట్టి చెప్తున్నా. కల్యాణ మంటపంలో 10ఎక్స్ దేనికి? పూజారి గారి చెవిపోగు తీస్తారా? జీలకర్ర బెల్లం టైముకి మండపం ముందు మా వీడియోవాళ్ళు, లైటు కుర్రాడు, మేనత్తలు గోడ కట్టేస్తారు. వెనక వరసలోంచి, సందులో పెళ్ళికూతురి మొహం ఒక్కటే పట్టాలంటే 5ఎక్స్ సరిగ్గా సరిపోతుంది. ఎఫ్ 3.4 కాబట్టి ఆ లైటింగులో నిలబడుతుంది కూడా.

మూడోది, పరిగెత్తే పిల్లలు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఏ ఫోనైనా వెలుతురు చాలక షట్టర్ ఎక్కువసేపు తెరిచి పెడుతుంది, పిల్లాడు అలుక్కుపోతాడు. అన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌కి వెళ్ళి షట్టర్ 1/250 సెకను పెట్టుకోండి. ఫోను మార్చక్కర్లేదు.

పాతబస్తీ_పాషా
రాజు భాయ్, మంటపంలో 1/250 పెడితే ఫోటో నిండా నల్ల చారలే. ఎల్ఈడీ లైట్ల కింద తీసి చూడండి ఒకసారి. మా చెల్లి నిఖాలో వీడియో అంతా చారలే, ఇప్పటికీ అమ్మ తిడుతుంది.

డల్లాస్_దత్తు
1/120 పెట్టండి, చారలు పోతాయి. నేనెప్పుడూ అదే వాడతా.

స్టూడియో_రాజు_తణుకు
దత్తు గారూ, అది మీ డల్లాస్‌లో. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, లైటు సెకనుకి 120 సార్లు మినుకుతుంది. ఇక్కడ 50 హెర్ట్జ్, 100 సార్లు. మన దగ్గర 1/100 గానీ 1/50 గానీ పెట్టాలి. 1/120 పెట్టి పాలకొల్లులో పెళ్ళి తీస్తే పాషా గారి అమ్మగారు మిమ్మల్ని కూడా తిడతారు. 1/250 నేను చెప్పింది ఇంట్లో పిల్లాడికి, మంటపానికి కాదు. ఇంట్లో కూడా పాత చోక్ ట్యూబ్‌లైటైతే చారలు రావచ్చు. చదివి మాట్లాడండి.

ఇంకోటి, స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ పెడుతున్నారు కదా ఈ మధ్య. అది కరెంటు లెక్కలో మినకదు, దాని సొంత వేగం దానిది. దానికి 1/100 కూడా పనిచెయ్యకపోవచ్చు. షట్టర్ చక్రం అటూ ఇటూ తిప్పుతూ తెర మీద చారలు ఎక్కడ ఆగితే అక్కడ వదిలెయ్యడమే.

డల్లాస్_దత్తు
మా ట్యూబ్‌లైటు ఎలక్ట్రానిక్ చోక్‌దే, అది మినకదు, అప్పుడేమంటారు?

స్టూడియో_రాజు_తణుకు
అప్పుడు హాయిగా తీసుకోమంటాను. మీరు ఏ మాటా వదలరా?

అత్తిలి_అనూష
1/100లో తలంబ్రాలు తీస్తే బియ్యం గీతల్లా వస్తాయి కదా. నాకు అవే ఇష్టం. గింజ గింజా ఆగిపోయి కనిపిస్తే ఎవరో పైనుంచి అతికించినట్టుంటుంది. మా అక్క పెళ్ళిలో ఎస్23 అల్ట్రా 3ఎక్స్‌తో తీసింది ఇప్పటికీ హాల్లో ఫ్రేమ్ కట్టి ఉంది. పసుపు బియ్యం గీతలు, మధ్యలో అక్క కళ్ళు మూసుకుని నవ్వుతూ. ఆల్బమ్‌కి డబ్బులు తీసుకున్న ఫోటోగ్రాఫర్ దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. రాజు గారూ మిమ్మల్ని కాదు.

స్టూడియో_రాజు_తణుకు
నన్నే అన్నట్టుంది.

సిద్దిపేట_శీను
ఇంత కష్టపడి తీసి వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల ఏస్తరు. గాడ నలిగిపోయి వస్తది. ఎస్23 లేదు, ఎస్24 లేదు, అన్నీ ఒకటే. హెచ్‌డీ బటన్ ఒత్తుర్రి, లేకుంటే డాక్యుమెంట్ లెక్క పంపుర్రి.

పాతబస్తీ_పాషా
10ఎక్స్ పోయిందని ఏడ్చేవాళ్ళకి ఒక మాట. ఆ లెన్సు గొప్పంతా చందమామ ఫోటోల్లోనే కదా చూపించారు? 2023 మార్చిలో ఒకాయన ఏం చేశాడో మర్చిపోయారా? చంద్రుడి బొమ్మని కావాలని మసక చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, చీకటి గదిలో దూరం నుంచి తీశాడు. తెర మీద లేని గుంటలు ఫోటోలో వచ్చాయి. తర్వాత కంపెనీ కూడా చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరం పెంచుతామని రాసుకుంది. లెన్సు కాదు, లెక్చర్ అది.

కొల్లేటి_కొంగ
గూడబాతుని గుర్తుపట్టి ఈకలు అతికించే ప్రోగ్రామ్ ఇంకా రాలేదు పాషా గారూ. చందమామ సంగతి చందమామది. బొమ్మని గుర్తుపట్టి మెరుగులు దిద్దే సీన్ ఆప్టిమైజర్ ఆపేసి, ప్రో మోడ్‌లో వెలుతురు పెంచే ఐఎస్ఓ 50కి తగ్గించి తీయండి, అప్పుడొచ్చేది లెన్సు బొమ్మే. కొంచెం మెత్తగా ఉంటుంది, కానీ మనది.

హనుమకొండ_హరిత
అందరూ 5ఎక్స్, 10ఎక్స్ అని కొట్టుకుంటున్నారు గానీ, మీరు 5 నొక్కినప్పుడు ఫోను నిజంగా ఆ లెన్సే వాడుతోందా? వెనక ఒక్కో లెన్సు మీద వేలు పెట్టి చూడండి. వెలుతురు తక్కువైనా, వస్తువు మరీ దగ్గరున్నా ఫోను చప్పుడు చెయ్యకుండా మెయిన్ కెమెరాకి మారి దాన్నే కోసి చూపిస్తుంది. తెర మీద మాత్రం 5ఎక్స్ అనే ఉంటుంది. మెయిన్ లెన్సు మూస్తే తెర నల్లబడిందా, మీరు ఇంతసేపు పొగిడింది వేరే లెన్సుని. రెండు ఫోన్లలోనూ ఇంతే. షాపులో డెమో పీసు మీద మొదట చేయాల్సిన పని ఇది.

డల్లాస్_దత్తు
మంచి పాయింట్. కొంగ గారూ, ఆటపాకలో తమ్ముడి ఫోను మీద వేలు పెట్టి చూశారా?

కొల్లేటి_కొంగ
మిట్టమధ్యాహ్నం ఎండలో, చెరువు అవతల పిట్టకి ఏ మెయిన్ కెమెరాకి మారుతుందండీ? వెలుతురుకి కరువా, దూరానికి కరువా? వాదన కోసం వాదన.

మోడరేటర్
వ్యక్తిగత మాటలు వద్దు. విషయానికి రండి.

పాలకొల్లు_ప్రసాద్
సెల్ఫీ గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. మా ఆవిడ అడుగుతోంది. రాత్రి వీధిలైట్లు కూడా నా ఫోనులో చీపురుపుల్లల్లా సాగుతున్నాయి, కొత్తదాంట్లో ఎలా ఉంటాయి?

హనుమకొండ_హరిత
లెన్సుల మీద రంగు రింగులో గాజు బిళ్ళలో అతికించారా?

పాలకొల్లు_ప్రసాద్
కవర్ కొన్నచోట ఉచితంగా వేశాడు.

హనుమకొండ_హరిత
పీకి పారేయండి. లెన్సు మీద ఇంకో గాజు ఉంటే లైటు ఆ రెంటి మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. పీకాక జిగురు మరక లేకుండా కళ్ళజోడు గుడ్డతో తుడిచి, అప్పుడు రాత్రి ఒక ఫోటో తీసి పెట్టండి. సెల్ఫీకి ముందు కెమెరా రెండిట్లోనూ 12 మెగాపిక్సెళ్ళే. మీ ఆవిడకి నచ్చనిది రంగయితే ఫేస్ ఎఫెక్టు మీటలు సున్నాకి తెచ్చి చూడమనండి. మన చామనఛాయ మొహాల్ని సున్నం కొట్టినట్టు చేసేది ఎక్కువగా అదే.

సిద్దిపేట_శీను
ఏఐ వద్దన్నవు గాని అన్నా, 2024 మార్చిల శాంసంగ్ సాఫ్ట్‌వేర్ వన్ యూఐ 6.1 పాతదానికి గుడ వచ్చింది. ఫోటోల అడ్డమొచ్చిన మేనత్తను చెరిపేసుడు దాంట్ల గుడ ఐతది. కొత్తదానికి ఏడేండ్లు అప్‌డేట్లు, గదొక్కటే ఫరకు.

అత్తిలి_అనూష
మేనత్తని చెరిపేస్తే కట్నం చదివింపులు ఎవరు వేస్తారు?

పాలకొల్లు_ప్రసాద్
షాపువాడు ఎక్స్ఛేంజ్‌కి కెమెరా గాజు మీద సన్న గీత చూపించి రేటు బాగా కోసేశాడు. గోరుకి కూడా తగలని గీత. అందుకే ఆలోచన.

కొల్లేటి_కొంగ
ఆగండాగండి. ఆ గీత 10ఎక్స్ మీదుందా, వేరేదాని మీదా?

పాలకొల్లు_ప్రసాద్
అల్ట్రావైడ్ మీద.

కొల్లేటి_కొంగ
అయితే ఆ షాపువాడికి ఇవ్వకండి. వాడన్నదానికి అయిదు వేలు పైనేసి నేను తీసుకుంటా. నాకు స్పేర్ కావాలి, ఇక ఆ లెన్సున్న ఫోను కొత్తది దొరికేలా లేదు. పాలకొల్లు ఎంత దూరం, ఆదివారం వస్తా.

పాలకొల్లు_ప్రసాద్
మా బావమరిది ఎనిమిది అన్నాడండీ.

కొల్లేటి_కొంగ
పెళ్ళికొడుక్కి 10ఎక్స్ ఎందుకండీ? ఎనిమిదే ఇస్తా. డబ్బా, బిల్లు ఉన్నాయా?