రోజుకు ఎన్ని రూపాయలతో వండుకుంటే అది పేదవారి తిండి అవుతుంది?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. అక్టోబరు 17ను ఐక్యరాజ్యసమితి 1992లో అంతర్జాతీయ పేదరిక నిర్మూలనా దినంగా ప్రకటించింది. ఆ రోజుకు ముందు అయిదు రోజుల పాటు, ప్రపంచంలోని కటిక పేదలు ఖర్చు పెట్టగలిగినంత డబ్బుతోనే వండుకొని తినాలనీ, హాస్టల్ మెస్సులో మిగిలిన సొమ్మును విరాళంగా ఇవ్వాలనీ మా ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బృందం అనుకుంటోంది. 2010లో ఆస్ట్రేలియాలో ‘లివ్ బిలో ద లైన్’ పేరుతో మొదలై, ఆ తరువాత బ్రిటన్‌లో రోజుకు ఒక్క పౌండుతో అయిదు రోజులు గడిపే కార్యక్రమంగా పేరు తెచ్చుకున్న ప్రయత్నమే మాకు ఆధారం.

మాకు తేలనిది అంకె. ప్రపంచ బ్యాంకు దారిద్ర్య గీత ఇప్పుడు రోజుకు మూడు డాలర్లు కదా అని బ్యాంకు రేటుతో మారిస్తే 250 రూపాయలు దాటుతోంది, అంత డబ్బుతో మేము మెస్సులో కంటే బాగానే తినగలము. మా బృందంలోనే మరొకరు, ప్రణాళికా సంఘం చెప్పిన 32 రూపాయలే సరైనదని పట్టుబడుతున్నారు. దేనిని తీసుకోవాలి? ఇంకొక సందేహం కూడా ఉంది. ఆకలి ఎరిగిన కుటుంబాల నుంచి వచ్చినవారు మా తరగతిలోనే ఉన్నారు, వారి ఎదుట ఇది వేషంలా కనిపిస్తుందేమోనని జంకుగా ఉంది.

జవాబు: ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, నెల్లూరు

అమ్మాయీ, ముందు అంకె సంగతి చూద్దాము. 2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు తన గీతను 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చిన మాట నిజమే కాని, ఆ డాలరు మీరు బ్యాంకులో మార్చుకునే డాలరు కాదు. అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకు మన దేశంలో ఎన్ని రూపాయలకు వస్తుందో చూసి కట్టిన కొనుగోలు శక్తి లెక్క అది. ఆ లెక్కన మూడు డాలర్లంటే 2021 నాటి ధరల్లో అరవై రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. బ్యాంకు రేటుతో మార్చి చూసి ‘ఇదేమి పేదరికం’ అనుకునేవారు చదువుకున్నవారిలో కూడా చాలామంది ఉన్నారు.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. ఆ అరవై రూపాయలూ తిండికే కాదు. అద్దె, వంటచెరకు, బస్సు చార్జీ, మందులు, బట్టలు, సబ్బు, చివరకు పిల్లవాడి పలక కూడా అందులోనే రావాలి. 2023-24 కేంద్ర గృహ వినియోగ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా సుమారు 47 శాతం. ఇల్లు ఎంత పేదదైతే ఆ వాటా అంత పెరుగుతుంది కనుక అరవైలో అరవై శాతం తిండికి వేసి, ఆ తరువాత పెరిగిన ధరలను కలుపుకుంటే మీ అంకె నలభై, నలభై అయిదు రూపాయల మధ్య తేలుతుంది. మూడు పూటలకూ కలిపి అంతే.

ఇక 32 రూపాయల సంగతి. అది 2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం పట్టణాలకు సంబంధించి సుప్రీంకోర్టుకు సమర్పించిన ప్రమాణపత్రంలోనిది, పల్లెలకు చెప్పినది 26. దేశమంతా దుమారం రేగడానికి కారణమైన ఆ అంకె కూడా తిండి ఒక్కదానికి చెప్పినది కాదు. పదేళ్లు దాటిన ధరను ఈనాటి బజారుకు పట్టుకొని వెళితే మీరు చేసేది ఉపవాసం అవుతుంది తప్ప అవగాహన కాదు.

జవాబు: కిరాణా కొట్టు యజమాని, కనిగిరి

మాస్టారి లెక్క బాగానే ఉంది కాని, మీరు దానిని ఎలా ఖర్చు పెట్టబోతున్నారన్నది నా అనుమానం. పదిమంది పిల్లలు డబ్బు కలిపి, మార్కెట్‌యార్డు దగ్గరి హోల్‌సేల్ కొట్టులో అయిదు రోజుల సరుకు ఒకేసారి కొంటే నలభై రూపాయలు మీకు ఇబ్బందే కాదు. పేదవారికి లేనిదల్లా ఆ ఒకేసారి కొనే వీలే.

మా కొట్టుకు సాయంత్రం ఆరు దాటాక కూలిపని ముగించుకొని వచ్చే ఒక ఆడమనిషి పది రూపాయల నూనె ప్యాకెట్టు, గుప్పెడు కందిపప్పు పొట్లం, ఇంత చింతపండు, రెండు ఉల్లిపాయలు తీసుకుంటుంది. పని లేని రోజున అదే సరుకు ఖాతాలో రాయించుకుంటుంది. లీటరు లెక్కన చూస్తే, కారులో వచ్చి అయిదు లీటర్ల డబ్బా కొనేవారి కంటే ఆమె నూనెకు ఎక్కువ ధర పెడుతోంది. అమ్మేవాడినైన నేనే ఈ మాట అంటున్నాను, కాబట్టి నమ్మవచ్చు. కందులు పండే ఈ మెట్ట ప్రాంతంలోనే కందిపప్పును పొట్లంగా కొనుక్కోవలసి రావడం ఏమి చిత్రమో, ఆలోచించండి. బియ్యం సంగతి వేరు. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు అయిదు కిలోలు ఉచితంగా వస్తాయి. అంటే రోజుకు 165 గ్రాములు. కాయకష్టం చేసేవారికి అది ఒక పూటకు సరిపోతుందేమో, మిగిలినది కొనవలసిందే. కొర్రలు, సజ్జలు తిని గడిపేద్దామని మీలో ఎవరైనా అనుకుంటే ఒకసారి ధర అడిగి చూడండి. ఒకప్పుడు పేదవారి గింజలుగా ఉన్న కొర్రలు ఇప్పుడు బియ్యం కంటే ఖరీదయ్యాయి.

నీళ్లను కూడా లెక్కలో వేయండి. మా ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కనుక తాగే నీటిని క్యాన్లతో కొనుక్కుంటాము. కొనలేనివారు ఆ బోరు నీళ్లే తాగుతారు, పాలూ గుడ్లూ లేని తిండితో కాల్షియం తక్కువైన ఒంటికి, ఎముకలనూ పళ్లనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ మరింత త్వరగా పడుతుంది.

జవాబు: పదవీ విరమణ చేసిన అంగన్‌వాడీ సూపర్‌వైజరు, నెల్లూరు

తల్లీ, నలభై రూపాయలతో కడుపు నిండుతుంది, దానికి సందేహం లేదు. మా నెల్లూరు మిల్లుల దగ్గర దొరికే నూకలు, పచ్చిపులుసు, పెరటి మునగాకు, చవకగా వచ్చిన రోజున కవళ్ల పులుసో వేయించిన ఎండు నెత్తళ్లో ఉంటే పూట గడిచిపోతుంది. నిండిన కడుపు వెనుక ఏమి లోపించిందన్నదే అసలు విషయం. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ అయిదు రోజుల పళ్లెంలో అన్నం ఎంత ఆక్రమించిందో రాసి పెట్టుకుంటే, సగం దాటి చాలా దూరం పోయిందని మొదటి రోజే తెలుస్తుంది. పప్పు, పాలు, పండు, గుడ్డు ఒకదాని తరువాత ఒకటి జారిపోతాయి. బడిలో పిల్లలకు గుడ్డు పెడుతున్నారు కదా అని ఇంట్లో గుడ్డు కొనడం మానేసిన తల్లులను నేను చూశాను. ఆ ఇంట్లో గుడ్డు లేనిది ఆ తల్లికే.

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి మీ హాస్టల్లో సగానికి పైగా అమ్మాయిలు ఇప్పటికే లోటులో ఉండవచ్చు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించకుండా ఎవరినీ చేర్చుకోకండి, పరీక్షలు దగ్గర పడినవారిని, మందులు వాడుతున్నవారిని పక్కన పెట్టండి. వద్దన్నవారిని ఎందుకని అడగవద్దు. వేషంలా ఉంటుందని మీరు జంకుతున్న ఆ సహాధ్యాయుల విషయంలో నా సలహా ఒక్కటే. వారిని వేదిక ఎక్కించి అనుభవాలు చెప్పించకండి. ఇష్టమైతే సరుకుల జాబితా వేయడంలో సాయం అడగండి, ఎందుకంటే ఆ పని మీకెవరికీ వారంత బాగా రాదు.

ప్రశ్న వేసిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. నలభై రెండు రూపాయలుగా నిర్ణయించుకున్నాము. ఏ రోజు సరుకు ఆ రోజే, చిల్లరగానే కొంటాము, తాగే నీటి ఖర్చు అందులోనే వేస్తాము. రేషన్ కార్డు ఉన్న ఇంటితో సమానంగా మనిషికి రోజుకు 165 గ్రాముల బియ్యం ఖర్చును ఈ లెక్కలో వేయడం లేదు. ఒక చిక్కు మిగిలింది. మన ఊళ్లో అన్న క్యాంటీన్‌లో అయిదు రూపాయలకే భోజనం దొరుకుతుంది కదా, అక్కడ తినడం సబబేనా? నిజమైన పేదవారు తింటారు కనుక మేమూ తినవచ్చని సగం మంది వాదిస్తున్నారు.

జవాబు: ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, నెల్లూరు

తినకండి. ఆ అయిదు రూపాయలు భోజనం ధర కాదు, మిగిలిన ఖర్చును ప్రభుత్వం, దాతలు భరిస్తున్నారు. మీరు వరుసలో నిలబడితే ఆ పూటకు వండినదాంట్లో ఒక పళ్లెం తగ్గుతుంది. పైగా ప్రపంచ బ్యాంకు అంచనాలో ఉన్న సుమారు 80 కోట్ల మంది కటిక పేదలలో ఎక్కువ మంది సహారా దిగువ ఆఫ్రికాలో ఉన్నారు, వారికి అటువంటి వంటశాల గాని, మన రేషన్ బియ్యం వంటిది గాని చాలా చోట్ల లేదు. మీ ప్రయత్నం ప్రపంచ పేదరికం గురించే అయితే, ఆ 165 గ్రాముల బియ్యాన్ని కూడా కనీసం చివరి రెండు రోజులు డబ్బు పెట్టి కొనండి. ఆ రెండు రోజుల జాబితాలో ముందుగా ఏమి కొట్టివేశారో ఇక్కడ రాయండి.