నాయనకు గుండెదడ మాత్ర రాశారు, పంపు పీల్చే సంగతి చెప్పలేదు

ఆదోనివాడు:
మా నాయనకు 64 ఏళ్లు. ముప్పై ఏళ్లు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేశాడు. నెల నుంచి గుండెదడ, బీపీ 160 దాకా పోతాంటే నిన్న కర్నూలుకు పిలుచుకొని పోయాను. ఈసీజీ తీసి మెటోప్రోలాల్ 50 రోజుకొకటి రాశారు. తిరిగొచ్చేటప్పుడు ఎమ్మిగనూరు దాటినాక నాకు గుర్తొచ్చింది, చలికాలమంతా నాయన ఆయాసానికి నీలం రంగు పంపు (ఇన్‌హేలర్) పీలుస్తాడని. డాక్టరు "ఉబ్బసం ఉందా?" అని అడిగితే "ల్యాదు సార్" అన్నాడు! ఆయన లెక్కలో ఉబ్బసమంటే మంచం పట్టడం. ఇది మిల్లులో అందరికీ వచ్చే దగ్గేనంట. షుగర్‌కు గ్లిమిపిరైడ్ కూడా వేసుకుంటాడు. మందుల షాపాయన "అందరూ వాడేదే, వేసుకోమను" అంటున్నాడు. ఇంకా మొదటి మాత్ర వేయలేదు. వేయమంటారా?

కడప సిస్టరమ్మ:
నేను రిటైరైన స్టాఫ్ నర్సును. వేయలేదు కదా, ఆగండి. పొద్దున్నే రాసిన డాక్టరుకే పంపు సంగతి చెప్పండి, షాపులో కాదు. మెటోప్రోలాల్ బీటా బ్లాకర్ జాతి మందు. పంపు ఊపిరి గొట్టాలను తెరిచే చోటే ఈ జాతి మందు అడ్డుపడగలదు. ఇదే జాతిలోని ప్రొప్రనలాల్‌తో ఆ భయం ఎక్కువ. మెటోప్రోలాల్ ముఖ్యంగా గుండె మీదే పనిచేస్తుంది గానీ, ఉబ్బసం ఉన్నవాళ్లకు పూర్తి భరోసా లేదు. ఇవ్వొచ్చా లేదా అనేది డాక్టరు చూసి చెప్పాలి.

షుగర్ మాత్ర సంగతి కూడా చెప్పండి. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందుతో సరిగా బయటపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, అది చూసుకోవాలి. నాడి నిమిషానికి ఎంత కొట్టుకుంటోందో రాసి పెట్టండి. ముందే నెమ్మదిగా ఉన్నవాళ్లకు ఇది ఇంకా తగ్గిస్తుంది.

అది సరే, కంట్లో చుక్కలేమైనా వేస్తున్నారా?

గుత్తి రోడ్డు:
ఇంకోటి. మొదలుపెడితే నడుమ ఆపొద్దు. నేను గుండెనొప్పికి ఇదే జాతి మందు అటెనలాల్ వాడేవాణ్ని. తిరుపతి పోతూ డబ్బీ ఇంట్లో మరిచాను, నాలుగు రోజులే కదా అనుకున్నాను. మూడో రోజు కొండమీద ఛాతీ పట్టేసింది. ఆపాలంటే కొన్ని వారాలపాటు మెల్లగా తగ్గించాలంట, అక్కడి డాక్టరు తిట్టి మరీ చెప్పాడు. మన అనంతపురం ఎండల్లో లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, అదీ చూసుకోండి.

ఆదోనివాడు:
సిస్టరమ్మా, చుక్కలున్నాయి! నీటికాసులకు ఎనిమిది నెలలుగా వేస్తున్నాం. సీసా మీద టిమోలాల్ అని ఉంది. కంటి మందే కదా అని డాక్టరుకు చెప్పనేలేదు.

కడప సిస్టరమ్మ:
అందుకే అడిగాను. అది కూడా ఈ జాతిదే. కంట్లో వేసింది ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరిని పట్టేయగలదు. ఈ ఎనిమిది నెలల్లో పంపు ఎక్కువైందా? అయినా దాన్ని మీరే ఆపేయొద్దు, కంటి ఒత్తిడి పెరుగుతుంది. మాత్రలు, చుక్కలు, పంపు అన్నీ ఒకే సంచిలో వేసుకొని డాక్టరు బల్ల మీద పెట్టండి. ఈలోపు ఆయాసం ఎక్కువైతే ఆగకుండా 108కి చేయండి.

ఆదోనివాడు:
పోయొచ్చాం. నిజమే, ఉగాది తర్వాత పంపు రెండింతలైంది. నాయన నోరు తెరిచేలోపే సంచి బల్ల మీద కుమ్మరించాను. గొట్టంలో ఊదించి చూసి మెటోప్రోలాల్ వద్దన్నారు, వేరే రకం బీపీ మాత్ర రాశారు. దడకు థైరాయిడ్ కూడా చూడాలని రక్తం తీశారు. చుక్కలు మార్చమని కంటి డాక్టరుకు చీటీ ఇచ్చారు. బయటికొచ్చినాక నాయన, "దగ్గును పట్టుకొని ఇంత రచ్చ చేస్తివేమిరా" అన్నాడు.