వెల్వెట్ చోకర్, స్పైకుల పట్టీ, జీన్స్ గొలుసు: ఇంట్లో చేసినవి ఎందుకు నిలవట్లేదు?

చీకటిపూస:

గోత్ (నలుపు మీద నడిచే చీకటి అలంకారం), గ్రంజ్ (రాక్ సంగీతం వాళ్ళ నలిగిన, వెలిసిన వేషం) రెండూ కలిసిన ఒక సెట్టు, అంతా చేత్తో చేసిందే కావాలి. నాలుగు వస్తువులు: మధ్యలో పెండెంట్ వేలాడే 25 మి.మీ. వెడల్పు నల్ల వెల్వెట్ చోకర్ (మెడకి అతుక్కునే పట్టీ), రెండు వరసల స్పైకులున్న మణికట్టు పట్టీ, జీన్స్ గొలుసు, డెనిమ్ జాకెట్ వీపు మీద పెద్ద ప్యాచ్.

మొదటి విడతలో తేలిన లోపాలివీ. రిబ్బను చివర్లు క్లాంపులోంచి (చివర్ని కరిచిపట్టే పళ్ళున్న లోహపు ముక్క) జారిపోతున్నాయి. పెండెంట్ బరువుకి రిబ్బను మధ్యలో మడత పడి తాడులా అవుతోంది. కొక్కెం తగిలే చోట మెడ మీద ఎర్రటి దద్దుర్లు. రెక్సిన్ పట్టీకి బిగించిన స్పైకులు నాలుగు రోజులకే వదులై రాలుతున్నాయి. గొలుసు రింగులు నోళ్ళు తెరుస్తున్నాయి. ప్యాచ్ కోసం నల్లరంగు వేసిన గుడ్డ ఒక్క ఉతుకుకే బూడిదరంగుకి తిరిగింది.

అన్నిటికీ గ్లూ గన్ అనే సలహా వద్దండీ. మెడ చుట్టుకొలత 33 సెం.మీ., మణికట్టు 17. ఊరు విజయవాడ, చెమట సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పట్టకారు:

చోకర్‌తో మొదలుపెడదాం, సగం తప్పులు అక్కడే ఉన్నాయి.

ముందు రిబ్బను దేనితో నేసిందో తేల్చుకోండి. చిన్న ముక్క కత్తిరించి, చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే నైలాన్ లేదా పాలిస్టర్. కాగితంలా కాలి బూడిదైతే కాటన్ లేదా రేయాన్. మొదటి రకానికి కత్తిరించిన అంచుని మంటకి కాస్త దూరంగా ఒక్క క్షణం చూపిస్తే పోగులు అతుక్కుంటాయి. రెండో రకానికి మంట పనికిరాదు, అంచుకి గుడ్డల జిగురు పలచగా రాసి ఆరాక కత్తిరించాలి.

క్లాంపులోంచి జారడానికి కారణం మందం చాలకపోవడం. క్లాంపు పళ్ళకి ఒక్క పొర దొరకదు. చివర 3 మి.మీ. లోపలికి మడిచి, ఒక చుక్క జిగురు పెట్టి, అప్పుడు క్లాంపులో దూర్చండి. ప్లయర్‌తో ముందు మధ్యలో నొక్కి, తర్వాత రెండు కొసలు నొక్కాలి. ఒక కొస నుంచి మొదలుపెడితే క్లాంపు వంకరపోయి రెండో కొస నోరు తెరుచుకునే ఉంటుంది. ప్లయర్ దవడలకి గుడ్డ ముక్క చుట్టండి, లేకపోతే పూత గీసుకుపోయి అక్కణ్ణుంచే తుప్పు మొదలవుతుంది.

కొలత: మెడ 33, వేలు దూరేంత వదులు 1, మొత్తం 34. కొక్కెం, రింగులు, క్లాంపులు కలిసి దాదాపు 3 సెం.మీ. తింటాయి. అంటే మడతలు పోను రిబ్బను 31 రావాలి, కత్తిరించేది 31.6. వెనక 5 సెం.మీ. పొడిగింపు గొలుసు పెట్టుకుంటే ఎండాకాలం వదులు చేసుకోవచ్చు.

తాడులా మడతపడటానికి మందు బక్రం. 20 మి.మీ. వెడల్పు బక్రం పట్టీ వెనక పెట్టి, దాని మీద ఇంకో రిబ్బను కప్పి, అంచులు సన్నగా చేత్తో కుట్టండి. రెండు రిబ్బన్ల నూగు ఒకే దిక్కుకి ఉండాలి. వేలితో నిమిరితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా తెలుస్తుంది. తిరగబడితే అంచు దగ్గర ఒకటి నలుపు, ఒకటి వెలిసిన నలుపులా కనిపిస్తాయి. పెండెంట్ రింగుని నేరుగా రిబ్బనుకి గుచ్చొద్దు, చిల్లు చిరుగుతుంది. రిబ్బన్ని మధ్యలో రెండు ముక్కలు చేసి, మధ్యన ఒక లోహపు వలయం పెట్టి, రెండువైపులా రిబ్బను దానిలోంచి మడిచి కుట్టి, పెండెంట్ ఆ వలయానికే తగిలించండి. బరువంతా లోహం మీద పడుతుంది. ఇలా చేస్తే రిబ్బను కొలతలోంచి వలయం వెడల్పు తీసెయ్యాలి, ఒక్కో మడతకి 1.5 సెం.మీ. కలపాలి.

దద్దుర్లు చాలావరకు నికెల్ వల్ల వచ్చేవే. చవక ఫిట్టింగుల్లో తెల్లటి మెరుపు నికెల్ పూతదే, చెమట తగిలితే అది కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది. "అయస్కాంతానికి అంటుకోకపోతే నికెల్ లేనట్టే" అనే మాట నమ్మకండి. ఇత్తడి మీద నికెల్ పూత మరీ పల్చగా ఉంటే అయస్కాంతం పట్టినట్టు తెలియకపోవచ్చు. డైమిథైల్ గ్లైయాక్సిమ్ ద్రావణం రెండు చుక్కలు దూది మీద వేసి రుద్దితే, నికెల్ వదిలే వస్తువైతే దూది గులాబీరంగుకి తిరుగుతుంది. ఐరోపా నియమం ప్రకారం చర్మానికి తగిలే వస్తువు వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాములకి మించి నికెల్ వదలకూడదు. 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ ఉన్నా వదిలేది చాలా తక్కువ, చాలామందికి పడుతుంది. దానికీ దద్దుర్లొస్తే టైటానియం. గోళ్ళరంగు పూయడం వారం ముచ్చట, కొక్కెం రాపిడికి ముందు పోయేది అదే.

రింగులు నోళ్ళు తెరుస్తున్నాయంటే రెండు కారణాల్లో ఒకటి. పక్కలకి లాగి తెరిచి ఉంటారు, దాంతో గుండ్రం పోతుంది. రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొస ముందుకి, ఒక కొస వెనక్కి తిప్పాలి. మూసేటప్పుడు కొసలు కలిసే చోటు కంటే కొంచెం దాటించి వెనక్కి తెస్తే బిగుతుగా కూర్చుంటాయి. రెండోది, తీగ సన్నం. చోకర్‌కి 1 మి.మీ. తీగ చాలు, జీన్స్ గొలుసుకి 1.6 ఉండాలి. అల్యూమినియం రింగులు తేలిగ్గా ఉంటాయి కానీ చర్మానికీ లేతరంగు చొక్కాకీ మసి పూస్తాయి. గొలుసుని జీన్స్ లూపుకి కాకుండా బెల్టుకే తగిలించండి, లూపు కుట్టు ఆ ఊపుకి ఆగదు.

స్పైకులు తోలు తెలిసినవాళ్ళు చెప్తే బాగుంటుంది.

తోలుబెల్టు:

రెక్సిన్ దగ్గరే కథ అయిపోయింది. పల్చటి గుడ్డ మీద ప్లాస్టిక్ పూత అది. స్క్రూ చిల్లు సాగుతుంది, సాగిన చిల్లులో స్క్రూ తిరుగుతుంది. పైగా కోస్తా ఉక్కకి పాలీయురిథేన్ పూత రెండు మూడేళ్ళలో పొలుసులుగా రాలడం మామూలే, వాడకుండా బీరువాలో దాచినా రాలుతుంది. తోలు వద్దనుకునేవాళ్ళు రెండు రెక్సిన్ పొరల మధ్య స్కూలు బ్యాగు పట్టీలకి వాడే నైలాన్ టేపు పెట్టి కుట్టాలి. స్క్రూ పట్టేది ఆ టేపునే.

తోలైతే 2.5 నుంచి 3 మి.మీ. మందం, బెల్టులు కుట్టే రకం. కొలతలో ఒక మెలిక ఉంది. మందమున్న తోలు చుట్టుకుంటే లోపలి చుట్టు చిన్నదవుతుంది. 3 మి.మీ. తోలుకి దాదాపు 1 సెం.మీ. కలపాలి. మీ లెక్క: 17, మందానికి 1, వదులుకి 1, టిచ్ బటన్లు ఒకదాని మీద ఒకటి వచ్చే చోటుకి 3, మొత్తం 22 సెం.మీ. రెండు చివర్లా 4 సెం.మీ. మేర స్పైకులు వద్దు.

10 మి.మీ. ఎత్తు, 8 మి.మీ. అడుగు ఉన్న స్పైకులకి నడుమ దూరం 14 మి.మీ. చాలు. బల్ల మీద పరిచినప్పుడు ఇరుగ్గా అనిపిస్తుంది, చేతికి చుట్టగానే కొనలు విచ్చుకుని ఎడంగా కనబడతాయి. రెండో వరస చిల్లుల్ని మొదటి వరస చిల్లుల నడిమధ్యకి జరపండి. ఎదురెదురుగా పెడితే ఆ గీత దగ్గరే తోలు మడత పడి చిరుగుతుంది.

చిల్లు స్క్రూ మందం కంటే అర మి.మీ. కూడా ఎక్కువ ఉండొద్దు. మేకుతో పొడవకండి, హోల్ పంచ్‌తో గుండ్రటి ముక్క బయటికి రావాలి, మేకు చీలిక నుంచి చిరుగు పాకుతుంది. వదులవకుండా నీలంరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ మరల్ని పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క. ఎర్రది వాడితే మళ్ళీ విప్పలేరు. అది దొరక్కపోతే స్క్రూ మరల మీద గోళ్ళరంగు రాసి తడిగా ఉండగానే బిగించండి. సూపర్ గ్లూ వద్దు. పెళుసు, పైగా నల్లతోలు చుట్టూ తెల్లటి పొగమచ్చ వదులుతుంది.

స్క్రూ తలలు మణికట్టుకి తగలకుండా లోపల 1 మి.మీ. మెత్తటి తోలు అస్తరు వెయ్యండి. చెప్పులు కుట్టేవాళ్ళ రబ్బరు జిగురు రెండువైపులా రాసి, వేలికి అంటనంతవరకు ఓ పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు కలిపి నొక్కాలి. తడి మీదే అతికిస్తే లోపల ఆరదు, మొదటి చెమటకే ఊడుతుంది. అస్తరు వేసేముందే స్క్రూలన్నీ ఇంకోసారి బిగించుకోండి. తర్వాత అందవు.

ఇంకొక్క మాట. జనం కిక్కిరిసే చోటికైతే లోహపు రంగు వేసిన ప్లాస్టిక్ స్పైకులు మేలు. చూపుకి తేడా తెలియదు, పక్కవాడి చెయ్యి గీరుకోదు, తనిఖీ దగ్గర పట్టీ విప్పించరు.

గళ్ళచొక్కా:

పైన చెప్పినవన్నీ గోత్ పనులు. గ్రంజ్‌కి ఇంత నీటు పనికిరాదు. లండన్ సోహోలో 1982 జూలైలో మొదలైన బ్యాట్‌కేవ్ క్లబ్బు చుట్టూ తిరిగిన గోత్ జనం గంటలకొద్దీ తయారయ్యేవాళ్ళు. గ్రంజ్ పుట్టిన అమెరికా ఊరు సియాటిల్‌వాళ్ళ ఫ్లానెల్ (దళసరి నూగు గుడ్డ) చొక్కాలు పాత బట్టల కొట్లలో చవకగా దొరికినవి, ఆ చలికీ తడికీ పనికొచ్చాయి కాబట్టి వేసుకున్నారు. 1992 నవంబరులో డిజైనర్ మార్క్ జేకబ్స్ పెర్రీ ఎల్లిస్ అనే బట్టల కంపెనీ కోసం అదే వేషాన్ని ర్యాంపు ఎక్కించి పట్టుబట్టలతో చూపిస్తే చాలామందికి నచ్చలేదు. ఖరీదైన చిరుగు ఎవరికైనా ఎబ్బెట్టే మరి.

మే నెల విజయవాడలో ఫ్లానెల్ నడుముకి కట్టుకున్నా ఉడుకే. ఒక గళ్ళ లుంగీ కొనండి. రెండు మీటర్ల పల్చటి కాటన్ వస్తుంది, ఎరుపు నలుపు గళ్ళది చొక్కా కుట్టిస్తే దూరం నుంచి ఫ్లానెల్ అనే అనుకుంటారు. వెలిసినట్టు కావాలంటే ఒక వంతు బ్లీచుకి మూడు వంతుల నీళ్ళు కలిపి బ్రష్‌తో చిలకరించండి. ఐదు నుంచి పది నిమిషాలు, కళ్ళ ముందే, గాలి ఆడే చోట. నలుపు నారింజరంగుకి తిరగ్గానే ముంచి కడిగెయ్యాలి. ఆగితే నూలు కుళ్ళిపోతుంది. బ్లీచుని ఆపడానికి వెనిగర్ మాత్రం పొయ్యొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్ళు చాలు.

ప్యాచ్ అంచులు కూడా ఓవర్‌లాక్ చేయించకండి. 1 సెం.మీ. పోగులు లాగి వదిలేసి, దాని లోపల పళ్ళు తోముకునే ఫ్లాస్ దారంతో పెద్ద పెద్ద కుట్లు వెయ్యండి. మైనం పట్టిన నైలాన్ అది, డెనిమ్‌లోంచి నున్నగా దిగుతుంది, తేలిగ్గా తెగదు.

కరక్కాయ:

గుడ్డ బూడిదరంగుకి తిరగడం గురించి. టెరికాటన్ అయ్యుంటుంది. కాటన్ రంగు పాలిస్టర్ పోగుకి అంటదు. పూర్తి కాటన్ తీసుకుని గంజి పోయేలా వేడినీళ్ళలో సబ్బుతో ఉతకండి. 100 గ్రా. గుడ్డకి లెక్క: 8 గ్రా. నల్ల రియాక్టివ్ రంగు (నూలుతో రసాయనికంగా కలిసిపోయే రకం), 2 లీటర్ల గోరువెచ్చటి నీళ్ళు, 100 నుంచి 150 గ్రా. ఉప్పు. ఇరవై నిమిషాలు కలిపాక 40 గ్రా. సోడా యాష్ విడిగా కరిగించి పొయ్యాలి, నేరుగా గుడ్డ మీద కాదు. ఇంకో గంట తిప్పుతూ ఉండాలి. మిగతా రంగులకి 2, 3 గ్రాములు చాలు. నలుపుకీ అంతే వేస్తే వచ్చేది బూడిదరంగే, మీ తప్పు అక్కడ కూడా ఉండొచ్చు. వంటసోడా దీనికి బదులు కాదు, దాని క్షారం చాలదు.

ఇంకో దారి మన శ్రీకాళహస్తి కలంకారీ నలుపు. గోత్ ప్యాచ్ మీద గీతల బొమ్మకి దాన్ని మించింది లేదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో రెండు మూడు వారాలు పులియబెట్టి వడకట్టిన నీళ్ళే సిరా. లీటరు నీళ్ళకి పావుకిలో ఇనుము, 100 గ్రా. బెల్లంతో మొదలుపెట్టొచ్చు. కుండ ఇంటి బయట పెట్టండి, కంపు భరించలేరు. గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండలో ఆరబెట్టాలి. పాలలో కొవ్వు లేకపోతే గీత పాకిపోయి మచ్చవుతుంది. వెదురు కలంతో గీసినప్పుడు సిరా లేతగా ఉంటుంది, కరక్కాయ తగలగానే కళ్ళ ముందే నల్లబడుతుంది. ఈ నలుపు ఉతుకుకి పోదు, పులుపుకి పోతుంది. చెమటకి కూడా కొంత పులుపు గుణం ఉంది కాబట్టి కాలరు దగ్గర పెట్టొద్దు, వీపు మధ్యకే. ఇనుము ఏళ్ళ తరబడి నూలుని తింటుంది, అందుకే పల్చటి మల్లు కాకుండా దళసరి గాడా గుడ్డ తీసుకోండి.

చీకటిపూస:

అందరికీ థాంక్స్ అండీ. రెండు ప్రశ్నలు మిగిలాయి. మోటారు వైండింగ్ రాగి తీగతో చుట్టిన రింగులు ఉడికించిన గుడ్డుతో డబ్బాలో పెట్టి నల్లబరిచే పద్ధతిలో నల్లబడలేదు, ఎందుకు? చోకర్ కింద నల్లటి గాజుపూసల వరస వెయ్యాలంటే ఏ దారం?

పట్టకారు:

వైండింగ్ తీగ మీద కంటికి కనబడని వార్నిష్ పూత ఉంటుంది, కరెంటు ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకి దూకకుండా. గుడ్డు నుంచి వచ్చే గంధకపు వాయువు రాగిని చేరేదే లేదు. 400 నంబరు నీటికాగితంతో తీగని ముందే గీకి, తర్వాత చుట్టండి. రింగులయ్యాక లోపలివైపు గీకలేరు. తర్వాత వేడి గుడ్డుని నాలుగు ముక్కలు చేసి మూత డబ్బాలో పెట్టండి, రింగులు గుడ్డుకి తగలకూడదు. మొదట గోధుమరంగు, కొన్ని గంటలకి నలుపు. వెండికీ ఇదే పద్ధతి. స్టీలుకీ అల్యూమినియానికీ ఎన్ని గుడ్లు పెట్టినా దండగ.

గాజుపూసలకి నూలుదారం వద్దు, గొట్టం పూసల అంచు కత్తిలా కోస్తుంది. నైలాన్ పూత ఉన్న 0.38 మి.మీ. స్టీలు తీగ, చివర్లకి 2 మి.మీ. క్రింప్ పూసలు (ప్లయర్‌తో నొక్కితే తీగని పట్టేసే లోహపు పూసలు). తీగని మరీ బిగించకుండా ఒక పూస మందం ఖాళీ వదలండి, లేకపోతే మెడ వంపు దగ్గర తీగ విరుగుతుంది. మధ్యమధ్యలో బంగారురంగు గుండు వెయ్యకండి, నల్లపూసల గొలుసనుకుని పెళ్ళెప్పుడైందని అడుగుతారు. గన్‌మెటల్ (ముదురు బూడిద) రంగు ముక్కలు వేస్తే ఆ గొడవ లేదు.

తోలుబెల్టు:

పెండెంట్ ఇంకా కొనకపోతే బిద్రీ ముక్క చూడండి. జింకు, రాగి కలిపి పోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచిన లోహం. నలుపు మీద వెండి గీత, ఇంతకంటే గోత్ ఏముంది? చింతపండుతోనో పాలిష్‌తోనో తోమితే నలుపు పోతుంది, కొబ్బరినూనె చుక్కతో తుడవాలంతే. ఒకవేళ చిల్లు పెట్టాల్సొస్తే వెండి పొదిగిన చోట వద్దు, పొదుగు లేచిపోతుంది.