పవర్‌పాయింట్ వర్డ్‌ఆర్ట్‌లో తెలుగు అక్షరాలు వంపు తిప్పితే వత్తులు విడిపోతున్నాయి, ఎలా సరిచేయాలి?

అందరికీ నమస్కారం. మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. వచ్చే ఆదివారం నాన్నగారి షష్టిపూర్తి. హాల్లో తెర మీద వేయడానికి పవర్‌పాయింట్‌లో 40 స్లైడ్లు చేస్తున్నాను.

మొదటి స్లైడ్‌లో ఆయన ఫొటో గుండ్రంగా పెట్టి, పైన తోరణంలా "షష్టిపూర్తి శుభాకాంక్షలు" అని రావాలి. ఇన్సర్ట్‌లో వర్డ్‌ఆర్ట్ (అలంకార అక్షరాలు) తీసుకుని, రామరాజ అనే తెలుగు ఫాంట్ పెట్టి, టెక్స్ట్ ఎఫెక్ట్స్‌లో ట్రాన్స్‌ఫార్మ్‌కి వెళ్లి ఆర్చ్ ఎంచుకున్నాను. అక్షరాలు వంగాయి కానీ "ష్టి"లో టవత్తు కిందకి జారి విడిగా పడుతోంది. తిన్నగా ఉన్నప్పుడు చక్కగానే ఉంది. ఫాంట్ మార్చి గౌతమి పెట్టినా అంతే. అమ్మ చూసి "అక్షరాలు తప్పుగా కనిపిస్తే బాగోదురా" అంది, అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది.

ఒక్కో అక్షరాన్ని వేరే టెక్స్ట్ బాక్స్‌లో పెట్టి చేత్తో తిప్పడం తప్ప దారి లేదా? మెర్జ్ షేప్స్‌లో ఇంటర్‌సెక్ట్‌తో అక్షరాలని బొమ్మగా మార్చవచ్చంటారు కదా, తెలుగులో ఎవరైనా చేసి చూశారా?

ఇంకొకటి. తోరణంలో మామిడాకుల కోసం టియర్‌డ్రాప్ (కన్నీటి చుక్క) షేప్ తీసుకుని ఎడిట్ పాయింట్స్‌తో సాగదీశాను, అది బాగానే వచ్చింది. కానీ హాలు వాళ్ల ల్యాప్‌టాప్‌లో రామరాజ ఉండదు. సేవ్ ఆప్షన్లలో ఎంబెడ్ ఫాంట్స్ (ఫాంట్‌ని ఫైల్‌లోనే కలపడం) టిక్ పెడితే సరిపోతుందా, లేక స్లైడ్‌ని బొమ్మగా దాచుకోవడమే మంచిదా? బొమ్మ చేస్తే యానిమేషన్ పోతుంది, నాకు అదే బాధ.

శుక్రవారంలోపు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.