50 రోజుల ఆడ కుక్కపిల్ల: రాణి, మల్లి, స్నోయీ... ఏది పెట్టాలె?

కాజీపేట పోరడు:
అందరికీ నమస్తే. నాటు కుక్కపిల్లను తెచ్చినం. ఆడది, నల్లగుంటది, రొమ్ము మీద తెల్లమచ్చ. పిల్లలు స్నోయీ అంటున్నరు, నాయనమ్మ మల్లి అంటున్నది, నాకేమో రాణి బాగనిపిస్తున్నది. తలో పేరుతోని పిలుస్తున్నం, అది ఎటూ చూస్తలేదు. ఇంటి ముందే రైలు పట్టాలు, చప్పుడు బాగుంటది. ఏ పేరు పెట్టాలె, ఎట్ల అలవాటు చెయ్యాలె?

హన్మకొండ అక్క:
తమ్ముడూ, ఆ మూడూ పక్కన పెట్టు. మల్లి ముద్దుగనే ఉంటది గాని, మన దిక్కు "మల్ల" లేని ముచ్చట ఉంటదా? "మల్లేంది", "మల్లొస్త" అన్నప్పుడల్లా మొదట్ల తల ఎత్తుతది. ఏం దొరకకపోయేసరికి ఆ చప్పుడునే పట్టించుకోవుడు మానేస్తది, ఇగ నిజంగ పిలిచినా అంతే. రాణిల మొదలే "రా" ఉన్నది, రేపు రమ్మనుడు నేర్పేటప్పుడు అడ్డం పడతది. రాజు, రాకీ గూడ గంతే. స్నోయీల "నో" వినబడతది. బుజ్జి, చిట్టి అసలే వద్దు, ఇంట్ల పిల్లలను అట్లనే పిలుస్తం.

రెండక్షరాలు చాలు. క, ట, ప, చ అసొంటి గట్టి అక్షరముంటే చప్పుడుల గూడ తెగి వినబడతది. చివరన ఈ గాని ఊ గాని ఉండాలె, దూరంకెల్లి పిలిస్తే మనం సాగదీసేది చివరనే గద. టైగర్ అని పెట్టినా "టైగరూ" అనే అంటం. నల్లదంటున్నవ్, కర్రి అని పెట్టు.

సుబేదారి:
అక్కా, మిగతాదంతా సరే, కర్రి మాత్రం వద్దు. కర్రీ పాయింట్ నుంచి కర్రీ తెమ్మని రోజూ అనే మాటే కదా, మళ్ళీ మల్లి కథే. రొమ్ము మీద మచ్చ ఉందన్నారు, చుక్కి అనండి. నాయనమ్మకూ నోరు తిరుగుతుంది.

ఖాయం చేసేముందు డాబా ఎక్కి గల్లీలోకి పదిసార్లు గట్టిగా పిలిచి చూడండి. పక్కింటి పిల్లలో, కుక్కో పలికితే మార్చేయండి. ఇంకొకటి, ఓరుగల్లులో రుద్రమ అనో, అమ్మవారి పేరో కుక్కకు పెట్టి వాకిట్లో కసిరితే చుట్టుపక్కల వాళ్ళు నొచ్చుకుంటారు.

హంటర్ రోడ్:
చుక్కి బాగుంది. కానీ ఎంత మంచి పేరైనా నేర్పే తీరులో పాడవుతుంది. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ లేకుండా ఉడికించిన కోడిమాంసం శనగగింజంత ముక్కలు పది తీసుకోండి. టీవీ ఆపి, రెండడుగుల దూరంలో కూర్చోండి. అది ఎటో చూస్తున్నప్పుడు "చుక్కీ" అని ఒక్కసారే పిలవండి. తల తిప్పగానే "శెభాష్" అనండి, సెకను లోపల ముక్క నోట్లో పడాలి. ఆలస్యమైతే అప్పటికి అది నేల వాసన చూస్తుంటుంది, ముక్క ఆ పనికి ఇచ్చినట్టవుతుంది.

తిరగకపోతే పేరు మళ్ళీ అనకండి. నాలుకతో టక్కుమని చప్పుడు చేసి, చూశాక ఇవ్వండి. "చుక్కీ చుక్కీ చుక్కీ" అంటూ పోతే నాలుగో పిలుపుదాకా ఆగొచ్చని నేర్చుకుంటుంది. ఒక పూటకు పదిసార్లు, రెండు మూడు నిమిషాలు, రోజుకు మూడు పూటలు. పదికి ఎనిమిదిసార్లు చూస్తుంటే వేరే గదిలో, తర్వాత వాకిట్లో నేర్పండి. రైలు పోయేటప్పుడు చేసేది అన్నిటికన్నా చివర.

తిట్టడానికి పేరు వాడొద్దు. ఇంట్లో మూత్రం పోసిందని "చుక్కీ!" అని అరిచినా, పేరుతో పిలిచి స్నానం పోసినా, ఆ పేరు వినగానే మంచం కింద దూరుతుంది. అలాంటప్పుడు మీరే వెళ్ళి మెల్లగా ఎత్తుకోండి.

కాజీపేట పోరడు:
చుక్కి ఇంట్ల అందరికీ నచ్చింది. నాయనమ్మ మాత్రం మల్లి అనుడు మానుతలేదు, ఇయ్యాల్ల దానికే జరంత తల తిప్పుతున్నది. ఎట్ల?

హన్మకొండ అక్క:
నాయనమ్మ చేతికే ముక్కలియ్యి తమ్ముడూ. "చుక్కీ" ముందనాలె, ఎంటనే "మల్లీ", తిరిగినంక ముక్క. కొత్త పేరే ముందుండాలె, తారుమారైతే పాతదానికే చూస్తది. చుక్కి అనంగనే తిరుగుతున్నదనుకో, మల్లి అనుడు ఆపేయాలె. వారంల అలవాటైతది. టీకా కార్డు మీద గూడ చుక్కి అనే రాయించు, మూడు నెలలు నిండంగనే రేబిస్ టీకా ఉంటది.