అమెరికా చిన్న ఊళ్లలో ముస్లింలంటే ఇంత భయం ఎందుకు? వీళ్లతో ఏం మాట్లాడాలి?

హరిణి: మావారు డాక్టర్. జె-1 వేవర్ (విదేశీ డాక్టర్లు ట్రైనింగ్ అయ్యాక స్వదేశానికి వెళ్లకుండా, డాక్టర్లు తక్కువున్న చోట పనిచేసేలా ఇచ్చే మినహాయింపు) మీద కాన్సస్‌లో ఒక చిన్న ఊరికి వచ్చాం, మూడేళ్లు ఇక్కడే చేయాలి. మనుషులు మంచివాళ్లే, మంచు పడితే మేం అడక్కుండానే వచ్చి మా వాకిట్లో ఎత్తిపోసి వెళ్తారు. కానీ అదే హాస్పిటల్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఒకామె పనిచేస్తోంది, హిజాబ్ వేసుకుంటుంది. ఆమె గదిలోకి అడుగుపెట్టగానే ఒక పెద్దాయన దుప్పటి మెడ దాకా లాక్కుని "ఇంకో డాక్టర్ని పంపండి" అన్నాడట. దీని గురించి పక్కింటావిడతో అంటే, "ఆ అమ్మాయి మంచిదేలే, నేను భయపడేది టీవీలో చూపించేవాళ్లకి" అంది. ఆవిడ తన జీవితంలో దగ్గర నుంచి చూసిన ముస్లిం ఈ డాక్టరమ్మ ఒక్కతే! మన తెలుగువాళ్ల గ్రూపులో చెప్తే, "నీకెందుకు టెన్షన్, బొట్టు పెట్టుకుని తిరుగు, ముస్లిం కాదని తెలుస్తుంది" అన్నారు. ఆ మాట ఇంకా బాధేసింది. ఈ ఊళ్లలో ఎక్కువ కాలం ఉన్నవాళ్లు చెప్పండి, ఈ భయం ఎక్కణ్ణుంచి వస్తుంది, తగ్గుతుందా?

ప్రసాద్_కాన్సస్: హరిణిగారూ, బొట్టు సలహా ఇచ్చినవాళ్లకి 2017 ఫిబ్రవరిలో మన కాన్సస్‌లోనే ఒలాతేలో ఏం జరిగిందో గుర్తు చేయండి. మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని బార్‌లో కాల్చి చంపినవాడు తర్వాత ఇంకో ఊళ్లో ఇరాన్ వాళ్లని కాల్చానని చెప్పుకున్నాడు. 2012లో విస్కాన్సిన్ ఓక్ క్రీక్ గురుద్వారాలో జరిగిన కాల్పుల్లో ఆరుగురు సిక్కులు ఆ రోజే ప్రాణాలు పోగొట్టుకున్నారు. తుపాకీ పట్టుకుని వచ్చేవాడు నీ మతమేంటని అడిగి కాల్చడు. అయినా మనం కాదని తప్పించుకుంటే ఆ హైదరాబాద్ అమ్మాయి సంగతేంటి, ఆమె ఉన్నదే కదా వాళ్లు భయపడే మతంలో?

మన రాష్ట్రంలోనే గార్డెన్ సిటీ ఉంది. అక్కడ మాంసం ప్యాకింగ్ ప్లాంట్లలో పనికి మొదట వియత్నాం వాళ్లు, మెక్సికో వాళ్లు, ఆ తర్వాత సోమాలీలు వచ్చారు. 2016లో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముగ్గురు, సోమాలీలు ఉండే అపార్ట్‌మెంట్లని, అందులోనే ఒక ఫ్లాట్‌లో నమాజు చేసుకుంటారు, బాంబులతో పేల్చేయాలని ప్లాన్ వేశారు, అధ్యక్ష ఎన్నికలు అయిన మర్నాడే. వాళ్ల గుంపులోని మనిషే ఎఫ్‌బీఐకి చెప్పడంతో దొరికిపోయారు, 25 నుంచి 30 ఏళ్ల శిక్షలు పడ్డాయి. టెర్రరిస్టులొస్తున్నారని భయపడిన చోట బాంబుల ప్లాన్ వేసింది ఎవరో చూడండి.

టెన్నెసీ_రమణ: మా దగ్గర మర్ఫ్రీస్‌బరోలో ముస్లింలు ఎన్నో ఏళ్లుగా ఉన్నారు, ఎవరికీ పట్టలేదు. 2010లో మసీదు కట్టుకుంటామని బోర్డు పెట్టగానే దాని మీద వద్దని రంగు పూశారు, తర్వాత విరగ్గొట్టారు, ఆగస్టులో కన్‌స్ట్రక్షన్ మెషీన్‌కి నిప్పంటించారు. కోర్టులో ఇస్లాం అసలు మతమే కాదని వాదించారంటే నమ్ముతారా! ఇస్లాం మతమేనని కేంద్ర న్యాయశాఖ కోర్టుకి రాసివ్వాల్సి వచ్చింది. 2012 ఆగస్టులో రంజాన్‌కి మసీదు తెరుచుకుంది. ఆ 2010లోనే న్యూయార్క్‌లో గ్రౌండ్ జీరో (2001 సెప్టెంబర్ 11 దాడుల్లో ట్విన్ టవర్స్ కూలిన చోటు) దగ్గర ఇస్లామిక్ సెంటర్ గొడవ టీవీల్లో రోజూ నడిచింది, ఎన్నికల ఏడాది కూడా. ఓక్లహోమాలో షరియా చట్టం మీద నిషేధానికి దాదాపు 70 శాతం ఓటేశారు, అక్కడి జనాభాలో ముస్లింలు ఒక శాతం కూడా లేరు. తర్వాత కోర్టు కొట్టేసింది. అంటే నాకు అర్థమైనంత వరకు భయం ఊళ్లో పుట్టలేదు, ఓట్ల కోసం బయట నుంచి దిగుమతి చేశారు.

శ్యామ్: ఒక్క మాట. అంతా టీవీ పుట్టించిన భయమే అనడం సరికాదు. ముస్లిం దుండగుల కాల్పుల్లో 2015లో మీ టెన్నెసీలోనే, చాటనూగలో, ఐదుగురు సైనికుల ప్రాణాలు పోయాయి, అదే ఏడాది శాన్ బెర్నార్డినోలో 14 మంది, మరుసటి ఏడాది ఓర్లాండోలో 49 మంది. ఆ పెద్దాయన కొడుకు ఇరాక్ యుద్ధానికి వెళ్లొచ్చాడేమో. భయపడేవాడిని మూర్ఖుడని తీసిపారేస్తే ఇంకా మొండికేస్తాడు.

ఖాదర్_కడప: శ్యామ్ అన్నా, భయం లేదని నేనూ అనను. నేను హ్యూస్టన్‌లో ఉంటా. టీవీలో కాల్పుల వార్త రాగానే మా ఇంట్లో మొదట వచ్చే మాట ఏంటో తెలుసా, "యా అల్లా, వాడి పేరు మన పేరు కాకూడదు" అని. చచ్చిపోయినవాళ్ల కోసం ఏడవడానికి ముందు ఆ పేరు కోసం ఎదురుచూడాలి, అది ఎంత నరకమో మీకెలా చెప్పను. 1995లో ఓక్లహోమా సిటీలో 168 మందిని చంపిన మెక్‌వే లాంటివాళ్లే ఉంటారని ఎవరూ తెల్లవాళ్లందరినీ చూసి దుప్పటి లాక్కోరు.

హరిణి అక్కా, మంచి జరగదని కాదు. 2017 జనవరిలో మా టెక్సాస్‌లో విక్టోరియా మసీదుని తగలబెట్టారు. ఆ ఊళ్లో యూదులు ఉన్నదే కొద్దిమంది, వాళ్లు తమ ప్రార్థనా మందిరం తాళాలు ఇచ్చి, ఇక్కడ నమాజు చేసుకోండి అన్నారు. కాబట్టి పక్కింటావిడతో వాదన పెట్టుకోకండి, ఆమెనీ డాక్టరమ్మనీ ఒకే రోజు భోజనానికి పిలవండి. అయితే ముందు డాక్టరమ్మని అడగండి, ఎందుకంటే ప్రతి ఒక్కరి ముందూ మేం మంచివాళ్లమని నిరూపించుకుని నిరూపించుకుని విసిగిపోయి ఉంటుంది. హాస్పిటల్ విషయం మాత్రం మీవారితో రాతపూర్వకంగా పెట్టించండి, రోగి అడగ్గానే డాక్టర్‌ని మార్చేస్తే రేపు అందరూ అదే అడుగుతారు.

హరిణి: ఖాదర్ తమ్ముడూ, రేపే ఆమెతో మాట్లాడతాను. మావారు కూడా మీటింగ్‌లో ఎత్తుతా అన్నారు, ఏమన్నారో వచ్చి రాస్తాను.